రంగు నిలవని చోటు

పెట్టె మూత పడలేదు. అక్క దాని మీద మోకాలు ఆనించి అదిమింది. అయినా పడలేదు. మళ్ళీ తెరిచి, అన్నిటికీ పైనున్న దుప్పటి తీసి మంచం మీద పడేసి, మూత వేసింది. ఈసారి గొళ్ళెం పడింది.

"ఆ దుప్పటి కూడా పట్టుకెళ్ళు. అక్కడ చలిగా ఉంటుందేమో," అన్నాడు మేస్త్రి గుమ్మంలో నిలబడి.

అనగానే నాలిక కరుచుకున్నాడు. వెళ్ళొద్దని చెప్పడానికి వచ్చిన మనిషి దుప్పటి పట్టుకెళ్ళమని సలహా ఇస్తున్నాడు.

"ఇది మీ ఇంటి దుప్పటి. నాకెందుకురా," అంది అక్క తలెత్తకుండానే.

'మీ ఇల్లు' అనడం ఆమె ఈమధ్యే నేర్చుకుంది. అంతకుముందు ఈ ఇంట్లో ప్రతిదీ మనదే. మన వంటిల్లు, మన కుళాయి, ఆఖరికి పక్కింటివాళ్ళ పిల్లి కూడా మన పిల్లే.

"బండి ఎప్పుడొస్తుంది?"

"భోజనాలయ్యాక వస్తానన్నాడు."

"బండెందుకు, నేను దింపేవాణ్ణిగా."

మళ్ళీ తప్పు మాటే వచ్చింది. ఇవాళ అతని నోరు అతని చేతిలో లేదు. ఆ మాటకొస్తే, మొన్న కూడా లేదు.

"నీకు పనుంది కదరా," అంది అక్క. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే అతను భరించలేకపోయాడు. ఎత్తిపొడిస్తే తనూ ఓ మాట అనొచ్చు. మాటా మాటా పెరిగితే, ఆ గోలలో అసలు సంగతి ఎక్కడో ఒకచోట బయటపడిపోతుంది. అక్క ఆ వీలు కూడా ఇవ్వడంలేదు.

గొళ్ళేనికి తాళం తగిలిస్తున్న ఆమె చేతుల వంక చూశాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలి, చీలికల్లో ఎర్రగా కనిపిస్తోంది. తాళంచెవి తిప్పుతూ ఆమె ఒక్కసారి ముఖం చిట్లించింది.

మేస్త్రి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ చేతులు అలా ఉండేవి కావు. అక్క పని ఒళ్ళు పట్టడం. పట్టేసిన నడుములూ, వాచిన మోకాళ్ళూ, బరువులు మోసి మోసి గట్టిపడిన భుజాలూ ఈ ఇంటి ముందుగదిలోకి కుంటుకుంటూ వచ్చి, నిటారుగా తిరిగి వెళ్ళేవి. గోరువెచ్చటి నూనె, రెండు అరచేతులు, కాసిని కబుర్లు. అంతే ఆమె సరంజామా. భర్త పోయాక తమ్ముడింటికి వచ్చి, ఊరికే కూర్చుని తినడం చేతకాక ఆ పని పెట్టుకుంది. ఎప్పుడూ నూనె ఒంటబట్టి ఉండే ఆ చేతులు నిగనిగలాడేవి.

ఇక మేస్త్రి పని, ప్రాణం పోయిన పాత యంత్రాలకి మళ్ళీ రూపు తేవడం. తూకం మిషన్లు, కుట్టుమిషన్లు, ఇనపరెక్కల ఫ్యాన్లు, ఎవరి తాతలో వాడి మూలన పడేసినవన్నీ తుప్పుతో అతని షెడ్డుకి వస్తాయి. ఊడదీసి, గీకి, లప్పం పట్టించి, ఎనామిల్ రంగు స్ప్రే కొట్టి పంపిస్తాడు. "నా రంగులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు," అని అతను చెప్పుకునే గొప్పకి వీధివాళ్ళు పెట్టిన పేరు అద్దం మేస్త్రి. సగం వెటకారమే అయినా అతనికి ఆ పేరంటే ముద్దు.

అలాంటివాడి పరువు ఒక సెలూన్ కుర్చీ తీసేసింది.

వీధి చివర సెలూనాయన తండ్రి కాలం నాటి ఇనప కుర్చీ అది. పైకీ కిందికీ లేస్తుంది, వెనక్కి వాలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. దానికి లేతాకుపచ్చ రంగు వేసివ్వాలి. మేస్త్రి వేశాడు. స్ప్రే కొట్టినంతసేపూ మీగడలా పరుచుకున్న రంగు, గన్ను పక్కన పెట్టి తిరిగి చూసేసరికి ఆవగింజంత గుంటలతో నిండిపోయింది. ఆ చోట్ల రంగు నేను నిలవనంటూ చుట్టూ జరిగిపోయి, అడుగున బూడిదరంగు ప్రైమరు బయటపడింది. మశూచి పోసిన ముఖంలా తయారైంది కుర్చీ. ఆరనిచ్చి, నీళ్ళు పోసి వాటర్ పేపరుతో రుద్ది, తుడిచి, మళ్ళీ కొట్టాడు. మళ్ళీ గుంటలే. రంగుకి అలా అయ్యేది నూనె తగిలినప్పుడేనని అతనికి బాగా తెలుసు. ఈ ఇంట్లో నూనె ఎవరి దగ్గరుంటుందో కూడా తెలుసు.

మూడోసారి గుంటలు పడ్డప్పుడు అక్క షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, టీ చల్లారిపోతోంది," అంది. ముందుగదిలో ఆమె దగ్గర నడుము పట్టించుకోవడానికొచ్చిన పెద్దాయన ఉన్నాడు. పెరట్లో కుర్చీ చూసుకోవడానికొచ్చిన సెలూనాయన ఉన్నాడు. వంటింటి కిటికీలో మేస్త్రి భార్య ఉంది. అందరూ వింటుండగా మేస్త్రి వెనక్కి తిరిగి అరిచాడు.

"నీ చెయ్యి తగిలింది ఏదైనా నిలిచిందా, ఇన్నేళ్ళలో?"

భర్త నిలవలేదు. కడుపున పడ్డ ఇద్దరూ నిలవలేదు. పెట్టుకున్న చిన్న కొట్టు నిలవలేదు. అవన్నీ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. టీ గ్లాసు కింద పెట్టి అక్క లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ముందుగదికి ఎవరూ రాలేదు. ఆమే రావద్దని కబురు పంపింది. నూనె సీసాలన్నీ అటక ఎక్కాయి. అంతటితో ఊరుకోక, షెడ్డు బయట పెట్టిన డబ్బాలోంచి, రంగు పల్చన చేసే థిన్నరు వంపుకుని పొద్దునా సాయంత్రం చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. తలుపు గడియ తీసినా, గ్లాసు అందించినా, ఎక్కడ నూనె అంటుతుందోనని. నడుము పెద్దాయనే జాలిపడి, ఊరవతల మంచాన పడ్డ ఒకావిడకి తోడుగా ఉండే పని చూసిపెట్టాడు. ఉండడం, తినడం అక్కడే. ఇవాళ బండి వస్తోంది.

ఇంత జరిగినా కుర్చీ మీద గుంటలు పడటం మానలేదు. అప్పుడైనా మేస్త్రికి బుర్ర వెలగాల్సింది. వెలగలేదు. నిన్న సాయంత్రం రంగుల కొట్టుకి పోయి మొర పెట్టుకుంటే, కొట్టాయన డబ్బా మూత బిగిస్తూ, "షెడ్డులో సిలికాన్ స్ప్రే ఏదైనా కొట్టావా?" అని అడిగాడు.

"నేనేమైనా కొత్తవాణ్ణా," అని నవ్వేసి వచ్చాడు మేస్త్రి. సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి.

షట్టరు.

షెడ్డు షట్టరు లాగినప్పుడల్లా గాడిద ఓండ్రపెట్టినట్టు అరిచేది. "నీ షట్టరు దెబ్బకి మా ముసలాయన ఉలిక్కిపడితే, సర్దిన నడుము మళ్ళీ పట్టేసిందిరా," అని అక్క ఒకసారి నవ్వుతూ అంది. పాపం నిజమేకదా అని, బజారులో సిలికాన్ ఉండే జారుడు స్ప్రే డబ్బా ఒకటి కొని, షట్టరు గాళ్ళలో పైనుంచి కిందిదాకా కొట్టాడు. షెడ్డులో అప్పుడు ఫ్యాను తిరుగుతోంది. ఊడదీసిన కుర్చీ బల్ల మీదుంది. తుడిచే గుడ్డలు తీగ మీదున్నాయి. కంటికి కనపడని ఆ తుంపర అన్నిటి మీదా కూర్చుంది. దాని మీద ఏ రంగూ నిలవదు. షట్టరు మాత్రం ఆ రోజు నుంచి నోరెత్తలేదు.

నిన్న సాయంత్రం నుంచి ఈ సంగతి అతని గొంతులో అడ్డం పడి ఉంది.

పెరట్లో తీగకి వేలాడుతున్న ఇనప పలకని చూస్తూ నిలబడ్డాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు ఆనించే పలక అది. తెల్లవారగానే దాన్ని షెడ్డులోంచి బయటికి తెచ్చి, ఉన్న రంగంతా ఇనుము దాకా లాగేసి, కొత్త గుడ్డతో తుడిచి, గన్నుకి కొత్త గొట్టం తగిలించి, దుమ్ము లేవకుండా నేల తడిపి మరీ వేశాడు. ఇప్పుడు దాన్లో పెరటి గోడ కనిపిస్తోంది, గోడ మీద కూర్చున్న కాకి కనిపిస్తోంది, తన ముఖమూ కనిపిస్తోంది. ఒక్క గుంట లేదు. ఇన్నాళ్ళూ దేనికోసం తపించాడో అదే ఎదురుగా వేలాడుతుంటే, దాన్నెక్కడైనా దాచేయాలనిపించింది.

టీ పట్టుకుని భార్య వచ్చింది.

"ఏమండీ, ఇది పొద్దున వేసిందేనా?"

"ఊఁ."

"ఒక్క గుంటైనా లేదే."

"లేదు."

"మరి ఆ ముఖమేంటి, చచ్చి బతికినట్టు?"

ఇక ఆగలేకపోయాడు. కొట్టాయన అడిగిన ప్రశ్న, షట్టరు, డబ్బా, అన్నీ గబగబా చెప్పేశాడు. ఆమె టీ గ్లాసు అతనికివ్వడం మరిచిపోయి, తన చేతిలోనే పెట్టుకుని వింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"నిన్న సాయంత్రం తెలిసి, రాత్రి వదిన పక్కన కూర్చుని భోంచేశారు. ఇంకాస్త వడ్డించమని అడిగి మరీ తిన్నారు."

"చెబుదామనే కూర్చున్నాను. నోరు రాలేదు."

"మొన్న బాగానే వచ్చింది."

ఆమె గోడ మీది కాకిని తోలి, మళ్ళీ అందుకుంది. ఈసారి గొంతు తగ్గింది.

"మిమ్మల్ని అనేముంది. నేనూ ఆ కిటికీలోనే ఉన్నాను. అదేం మాటండీ అని ఒక్క ముక్క అనొచ్చు. అనలేదు. ఎందుకో తెలుసా? ముందుగది మనకి ఖాళీ అవుతుంది కదా అనిపించింది. ఎంతోసేపు కాదు. ఒక్క క్షణం. ఆ క్షణం దాటేసరికి వదిన లోపలికెళ్ళిపోయింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకోవడానికి ఎదురుగా పలక ఉండనే ఉంది కానీ, అటు కూడా చూడలేదు.

"హాస్టల్నుంచి మన పిల్ల ఫోన్ చేస్తుంది సాయంత్రం. అత్త ఎందుకెళ్ళిపోయిందని అడిగితే ఏం చెప్పను?" అంది భార్య.

"వెళ్ళి చెప్పేస్తాను. షట్టరే కారణమని."

"చెప్పండి. చెబితే ఏమనుకుంటుంది? అంత మాట ఉత్త పుణ్యానికి పడ్డాననుకుంటుంది. అసలే చితికిపోయి ఉంది మనిషి." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "పోనీ ఎవరిదీ తప్పు కాదనేద్దాం."

"ఎలా?"

"కుర్చీదే అందాం. అది ఎన్నేళ్ళనుంచి సెలూన్లో ఉంది? దాంట్లో కూర్చోబెట్టి ఎన్ని తలలకి నూనె రాసుంటారు? ఇనుము తాగేసిందనండి. ఇప్పుడు వేడి చేసి ఆ నూనె తీసేశాననండి. వదిన నూనె కాదని తేలిపోతుంది, మీరూ తప్పించుకుంటారు. కుర్చీకేమైనా నోరుందా, కాదనడానికి?"

ఇనుము నూనె తాగదని మేస్త్రికి తెలుసు. అయినా గుండెల మీంచి ఎవరో బరువు దింపినట్టయింది. ఆ హాయికి సిగ్గేసింది కానీ, వద్దనలేదు. టీ చల్లారిపోయింది. అలాగే తాగేశాడు.

గేటు చప్పుడైంది. సెలూనాయన వచ్చాడు.

ఆయన ఎవరిదైనా ముందు తల చూసి, తర్వాత ముఖం చూస్తాడు. మేస్త్రి తల చూసి, "చెవుల దగ్గర పెరిగిపోయింది, రండి ఓసారి," అన్నాడు. అని, తీగ మీద పలక చూసి అక్కడే ఆగిపోయాడు. దగ్గరికి వెళ్ళాడు. వంగి చూశాడు. పక్కకి జరిగి చూశాడు. జేబులోంచి దువ్వెన తీసి, పలకలో చూసుకుంటూ నిజంగానే తల దువ్వుకున్నాడు.

"ఏం మంత్రం వేశారు మేస్త్రీ?"

"మంత్రమేముంది. మొదటి పూత మంచు పడ్డట్టు పల్చగా పడాలి. కింది రంగు కనపడుతున్నా ఊరుకోవాలి. వేలు ఆనిస్తే అంటుకోవాలి కానీ వేలికి రంగు రాకూడదు, అప్పుడు రెండోది. గన్ను జానెడు దూరంలో ఉండాలి. దగ్గరైతే రంగు కారుతుంది, దూరమైతే గాల్లోనే ఆరి, ముట్టుకుంటే గరగరలాడుతుంది. అంచు రాకముందే గన్ను నొక్కి, అంచు దాటాక వదలాలి. చెయ్యి మాత్రం ఎక్కడా ఆగకూడదు. ఆగిన చోట మచ్చ పడుతుంది."

చెబుతున్నంతసేపూ మేస్త్రి అన్నీ మరిచిపోయాడు. చెయ్యి గాల్లో గన్ను పట్టుకున్నట్టే కదిలింది.

"మరి ఇన్నాళ్ళూ రాలేదేం?" అన్నాడు సెలూనాయన అమాయకంగా.

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"కుర్చీలోనే ఉంది లోపం. ఏళ్ళ తరబడి తలనూనె పడి పడి ఇనుములోకి ఇంకిపోయింది. వేడి చేసి తీయాల్సొచ్చింది."

సెలూనాయన దువ్వెన జేబులో పెట్టుకోబోయి పెట్టుకోలేకపోయాడు.

"నిజమే అయ్యుంటుంది," అన్నాడు మెల్లగా. "మా నాన్న తలకి నూనె అంటకుండా ఎవర్నీ ఆ కుర్చీలోంచి లేవనిచ్చేవాడు కాదు. గుండు గీయించుకున్నవాడికి కూడా అంటేవాడు."

అబద్ధానికి సాక్ష్యం దానంతటదే నడిచొచ్చింది.

"ఆ రోజు నేనిక్కడే ఉన్నాను మేస్త్రీ. ఆవిడ్ని మీరన్న మాట విన్నాను. ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు నాకు. అయితే అదంతా నా కుర్చీ వల్లనా?"

"అబ్బే, మీరేం చేశారు..."

ఆయన వినిపించుకోలేదు. చెప్పులు విడిచి గబగబా ముందుగది వైపు నడిచాడు. మేస్త్రి వెనకే పరుగెత్తాడు. అతని వెనక భార్య.

అక్క సర్దిన పెట్టె పక్కన, మంచం అంచున కూర్చుని ఉంది. సెలూనాయన ఆమె ఎదుట చేతులు జోడించాడు.

"అమ్మా, నన్ను క్షమించాలి. మీ నూనె కాదట. మా నాన్న కుర్చీ నూనెట. పాపం మాది, మాట మీకు పడింది."

"అయ్యో, ఇదేంటయ్యా," అంది అక్క కంగారుగా లేచి. "చేతులు దించు ముందు."

"ఆ కుర్చీ నాకొద్దమ్మా. అందులో నిలబెట్టి మా నాన్న నాకు కత్తెర పట్టుకోవడం నేర్పాడు. అందుకని ముచ్చటపడి రంగు వేయించుకుందామనుకున్నాను. ఒక ఆడకూతుర్ని ఇల్లు విడిపించిన కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టలేను. పాత ఇనుము కొట్టుకి ఇచ్చేస్తాను."

"తప్పు, అలా అనకు. కుర్చీ ఏం చేసింది పాపం," అని అక్క తమ్ముడి వంక చూసింది. "నిజంగానే కుర్చీ నూనేనట్రా?"

ఆమె కళ్ళలో ఏదో కదిలింది. ఇంతకాలం తన చేతుల వంక తనే అనుమానంగా చూసుకున్న మనిషికి, ఆ చేతుల తప్పు లేదని ఎవరైనా చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ చూపు. ఆమె అడిగినదానికి 'కాదు' అనేది జవాబు. ఆ జవాబు చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఇంకొకటి రాదు.

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

సెలూనాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

బయట హారన్ మోగింది. బండి వచ్చేసింది.

"వదినా," అంది భార్య ముందుకొచ్చి, "తప్పు నీది కాదని తేలిపోయిందిగా. ఇంకెందుకు వెళ్ళడం? అతన్ని పొమ్మంటాను."

"మాటిచ్చానమ్మాయ్. అక్కడ ఆవిడ ఎదురుచూస్తుంటుంది," అని అక్క పెట్టె వైపు వంగింది.

"మీరు ఉండండమ్మా. ఈ మాత్రమైనా నన్ను చెయ్యనివ్వండి," అంటూ సెలూనాయన పెట్టె ఎత్తాడు. బక్కపలచటి మనిషి. ఇనప పెట్టె. ఒక పక్కకి ఒరిగిపోతూ, గుమ్మం తగలకుండా అడ్డంగా తిరిగి, చెయ్యని తప్పుకి శిక్షలాగా దాన్ని మోసుకుంటూ వసారాలోకి వెళ్ళాడు. ఒక మెట్టు దిగేసరికి కాలు తడబడింది.

మేస్త్రి వెళ్ళి పెట్టె రెండో కొస పట్టుకున్నాడు.

"కింద పెట్టండి."

"పర్లేదు మేస్త్రీ, మోయగలను."

"కింద పెట్టండి. మీ కుర్చీ కాదు. మీ నాన్న కాదు. నేను." పెట్టె కొస వెనక్కి లాగాడు. "ఇనుము నూనె తాగదు. ఇందాక అబద్ధం చెప్పాను."

పెట్టె వసారా అంచున దిగింది. భార్య ముఖం పక్కకి తిప్పుకుంది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మేస్త్రి ఎవరి వంకా చూడకుండా, పెట్టె మీది గొళ్ళేన్ని చూస్తూ చెప్పాడు. షట్టరు గురించి, డబ్బా గురించి, ఫ్యాను గాలికి ఆ తుంపర షెడ్డంతా పరుచుకోవడం గురించి. నిన్నటి నుంచీ తెలుసని కూడా చెప్పాడు. ఆ ముక్క చెప్పేటప్పుడు మాట సరిగ్గా వినపడలేదు.

బండతను హారన్ మళ్ళీ కొట్టాడు.

"షట్టరా," అంది అక్క. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది. "అరుస్తోందని నేనేగా అన్నాను. అయితే నాకోసమే కొట్టావన్నమాట."

"అవునక్కా."

"పిచ్చివాడా. అది చెప్పడానికి ఇంత కథా?"

సెలూనాయన ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. అయితే ఎవరి తప్పూ లేదమ్మా. మంచికి పోతే ఎదురు తగిలిందంతే." భార్య అప్పటికే మెట్లు దిగింది. "నేను వెళ్ళి బండి పంపించేస్తాను వదినా. లోపలికి పదండి అందరూ, టీ పెడతాను."

"ఆగమ్మాయ్," అంది అక్క.

ఆమె వచ్చి పెట్టె మీద కూర్చుంది. పగిలిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"రంగు సంగతి తేలిపోయిందిరా. అందులో నాకేం కోపం లేదు. ఆ మాట సంగతి చెప్పు."

"ఏ మాట?" అన్నాడు, ఏ మాటో తెలిసే.

"రంగు పాడైందని కోపమొచ్చింది. సరే. చేతులు కడుక్కురావే అనొచ్చు. అటు పో అనొచ్చు. షెడ్డులో అడుగుపెడితే కాళ్ళు విరగ్గొడతా అనొచ్చు. నేనేమీ అనుకునేదాన్ని కాదు. ఇన్ని మాటలుండగా ఆ మాటే ఎలా వచ్చింది?"

"కోపంలో నోరు జారింది అక్కా."

"జారాలంటే లోపల ఉండాలిగా."

భార్య గేటు దగ్గర్నుంచి అతని వంకే చూస్తోంది. లేదనమని కళ్ళతోనే బతిమాలుతోంది. సెలూనాయన కూడా అదే కోరుకుంటూ తల ఊపుతున్నాడు. లేదక్కా, నీ మీద ఒట్టు, ఏదో ఆవేశంలో అనేశాను అంటే చాలు. ఆమె నమ్మేస్తుంది. నమ్మాలనే అడుగుతోంది. పెట్టె మళ్ళీ లోపలికి వస్తుంది, అటక మీద సీసాలు కిందికి దిగుతాయి, ముందుగదిలో నడుములు సర్దుకుంటాయి.

కానీ ఇందాకటి 'ఊఁ' ఇంకా అతని నోట్లో చేదుగా ఉంది.

"ఉండేది," అన్నాడు.

అక్క రెప్ప వేయలేదు. ఒళ్ళోని చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. గేటు వైపు చూడకుండానే, "అమ్మాయ్, ఆ బండతన్ని కాసేపు ఆగమను," అంది. తర్వాత తమ్ముణ్ణి అడిగింది. "మొట్టమొదట ఎప్పుడనుకున్నావురా, నా గురించి అలాగని?"

"వద్దక్కా."

"చెప్పు. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పవు."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నట్టే అయింది.

"పాప పుట్టినప్పుడు," అన్నాడు. "నువ్వు చూడ్డానికి ఆస్పత్రికి వచ్చావు. అప్పటికి నీ రెండోవాడు పోయి ఎన్నాళ్ళో కాలేదు. ఎత్తుకుంటానని చేతులు చాపావు."

"నిద్రపోతోంది, లేస్తుంది అన్నావు," అంది అక్క. "గుర్తుంది. సరేలే అని గుడ్డ మీంచే పాదం ముట్టుకుని వెళ్ళిపోయాను."

గేటు దగ్గర భార్య చెయ్యి గడియ మీదే ఆగిపోయింది.

"అప్పుడు పాప నిద్రపోవడంలేదక్కా," అన్నాడు మేస్త్రి. "కళ్ళు తెరుచుకునే ఉంది."

అక్క పెట్టె మీంచి లేచి నిలబడింది.